అయాచితముగా దక్కిన ఆధిక్యము

పీడితుని దుఃఖమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. ఆ పీడన వలన ఎవరికేమి ముట్టుచున్నదని అడిగినవారు అరుదు. ‘ప్రివిలేజ్’, అనగా అయాచితముగా దక్కిన ఆధిక్యము, అను మాట ఈ ప్రశ్ననుండి పుట్టినది.

ఆ ముట్టునదేదో ఒక చెరువు కడ చూతము. కొంకణదేశమందలి మహాడ్ పట్టణమున చవదార్ చెరువు కలదు. 1923లో బొంబాయి శాసనమండలి సార్వజనిక జలాశయములను అస్పృశ్యులకును తెరువవలెనని తీర్మానించెను. మరుసటి యేడు అచ్చటి పురపాలక సంఘము అందులకు సమ్మతించెను. అయినను 1927 మార్చి 20న అంబేడ్కరు వేలమందితో నడచిపోయి దోసిలి పట్టువరకు ఆ నీరు వారిది కాలేదు. పట్టిన పిమ్మట, పేడయు గోమూత్రమును పాలును పెరుగును కలిపిన నూట యెనిమిది కుండల నీటితో ఛాందసులు ఆ చెరువును ‘శుద్ధి’ చేసిరి. గొడ్లు దిగి త్రాగినపుడు లేని మైల, మనుష్యుడు త్రాగినంతనే వచ్చెనన్న మాట! కాగితముమీద హక్కు అందరిదియు నైనను, ఊరి అలవాటు కొందరి పక్షమున నిలిచెను. ఆ చెరువునుగూర్చి నడచిన న్యాయస్థానపు వ్యాజ్యము ముగియుటకు 1937 వరకు పట్టినది.

అమెరికాలో నల్లజాతి చరిత్రకారుడు డు బోయిస్ 1935లో, కూలి తక్కువైనను తెల్ల కార్మికునికి మర్యాద రూపమున అదనపు వేతన మొకటి ముట్టుచున్నదని వ్రాసెను. మరుసటి యేడే అంబేడ్కరు ‘కుల నిర్మూలన’లో, తనకంటె క్రింద మరియొకడున్నాడను ఊరటయే ప్రతి కులమును కులపు నిచ్చెనలోని తన మెట్టుకు కట్టివేయుచున్నదని చూపెను. నా దృష్టిలో ఈ రెండవది లోతైనది. ఏలయన, ఒకే మనిషి ఏకకాలమున త్రొక్కువాడును త్రొక్కబడువాడును ఎట్లగునో ఇది చెప్పుచున్నది.

1960ల నాటి అమెరికా వామపక్షోద్యమము ‘తెల్లచర్మపు ప్రివిలేజ్’ అను మాటను వాడుకలోనికి తెచ్చెను. 1988లో అమెరికాకు చెందిన తెల్లజాతి స్త్రీవాది పెగ్గీ మెకింటాష్ తనకు అడుగకయే దక్కిన సౌకర్యములను నలువదియారింటిని జాబితా వేసెను. గాయమునకు వేయు పట్టీ సైతము తన మేనిఛాయకు సరిపోవునట్లే దొరకుట వానిలో నొకటి. ఎంత చిన్న వస్తువు, ఎంత పెద్ద సాక్ష్యము! అయితే అటుపిమ్మట ఈ జాబితాలు మధ్యతరగతి వారి పాపనివేదనమునకు సాధనములై, నిచ్చెన నటులే ఉంచి మనస్సును మాత్రము కడుగుకొను తంతుగా మారినవి.

నీటి కడకే మరలుదము. 1985 జూలైలో, నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు త్రాగెడు చెరువును మలినపరచిన అగ్రకుల యువకులు, తామనుభవించుచున్నది ఆధిక్యమని ఏనాడైన తలచియుందురా? వలదని అడ్డుపడిన స్త్రీ ఎత్తిన బిందెతోనే ఆ సంగతి వారికి తెలిసియుండును. ఆ మరునాడు, 17వ తేదీన, ఆరుగురు దళితులు హతులైరి.