శ్రీముఖాలు వచ్చిన రోజులు

"నలుగురితో నారాయణా, కులంతో గోవిందా" అని తెలుగువాళ్ళకో సామెత. దేవుడి పేర్లు రెండున్నా ఇందులో దేవుడి ఊసే లేదు. ఉన్నదంతా ఆ నలుగురే. 1881 డిసెంబరులో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గడప తొక్కడానికి ఆ నలుగురూ జంకారు. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. ఇంటి నిండా పెళ్ళివారు, అండగా వచ్చిన స్నేహితులు, కాలేజీ కుర్రాళ్ళు. వీళ్ళందరికీ పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, వండి, వడ్డించింది.

ఆ నెల 11న ఆ ఇంట్లో జరిగింది ఒక బాలవితంతువు పెళ్ళి. పెళ్ళికూతురు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన గౌరమ్మ, పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు. నాలుగు రోజులకే, 15న రెండో పెళ్ళి. అల్లరి జరుగుతుందని పోలీసుల్ని కాపలా పెట్టాల్సి వచ్చింది. ఊళ్ళో మాత్రం చర్చంతా పెళ్ళి గురించి కాదు, పెళ్ళికి ఎవరెవరు వెళ్ళారు, వెళ్ళినవాళ్ళలో ఎవరెవరు భోంచేశారు అన్నదాని గురించి.

ఈ రెండో ప్రశ్న దగ్గరే ఉంది అసలు సంగతి. సొంత మతాన్ని, సొంత కులపు ఆచారాన్ని ప్రశ్నించడం పాపమా కాదా అని ఇవాళ మనం అడిగితే, నమ్మకం గురించి అడుగుతున్నామని అనుకుంటాం. ఆనాటి రాజమండ్రి అగ్రహారంలో నువ్వేం నమ్ముతున్నావని ఎవరూ ఎవర్నీ నిలదీయలేదు. వేదం అపౌరుషేయం కాదని నువ్వు మనసులో అనుకుంటే అది నీ ఇష్టం. ఎవరి చేతి నీళ్ళు తాగావు, ఎవరి పంక్తిలో కూర్చున్నావు అన్నది మాత్రం నీ ఒక్కడి ఇష్టం కాదు.

దానికి శిక్ష వెలి. వెలి అంటే బయట, వెలుపల. ఈ శిక్షకు జైలు లేదు, కొరడా లేదు. పురోహితుడు రాడు. మంగలి, చాకలి రారు. తద్దినానికి భోక్తలు దొరకరు. కూతురికి సంబంధం రాదు, కొడుక్కి పిల్లనివ్వరు. ఇంట్లో ఎవరైనా పోతే మోయడానికి నలుగురుండరు. రోజూ గడిచే బతుకులోంచి ఒక్కొక్క మనిషినే తీసేస్తూ పోతే ఆ ఇల్లు తనంతట తానే దిగొస్తుందన్నది లెక్క. చాలా ఇళ్ళు దిగొచ్చాయి కూడా.

విచిత్రమేమిటంటే అదే ఊళ్ళో లూథరన్ మిషనరీలు అప్పటికి ముప్పై ఏళ్ళ పైనుంచీ హిందూ దేవుళ్ళ మీద, ఆచారాల మీద బాహాటంగా బోధిస్తున్నారు. వాళ్ళకు వెలి లేదు. లోపల ఉన్నవాణ్ణే కదా బయటకి నెట్టగలిగేది! దొరగారి ఖండన వానలా పడి పోతుంది. ఆరువేల నియోగి బ్రాహ్మడు, తెలుగు పండితుడు, శాస్త్రం చదువుకున్నవాడు అదే మాట అంటే ఇంటి దూలం విరిగినట్టు వినిపిస్తుంది.

పైగా వీరేశలింగం శాస్త్రం తప్పు అనలేదు. మీరు శాస్త్రం తప్పుతున్నారు అన్నాడు. 1879లో వితంతు వివాహం మీద ఆయన చేసిన ఉపన్యాసాల పట్టంతా అక్కడే. అంతకు పాతికేళ్ళ ముందు బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ తవ్వి తీసిన ఆధారం పరాశర స్మృతి. కలియుగానికి ప్రమాణం ఇదేనని ఆ స్మృతే చెప్పుకుంటుంది. భర్త చనిపోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళాడవచ్చనే శ్లోకమూ అందులోనే ఉంది. అయితే దానికి వ్యాఖ్య రాసిన మాధవాచార్యుడు ఆ ఒక్క శ్లోకం వేరే యుగాలకు చెందిందని తేల్చేశాడు. కలియుగం కోసం పుట్టిన పుస్తకంలో కలియుగానికి పనికిరాని శ్లోకమా అని సంస్కర్తలు అడిగారు. అది పెళ్ళి మాట మాత్రమే అయిన పిల్ల గురించి, పెళ్ళయిన దాని గురించి కాదని సనాతనులు బదులిచ్చారు. కొక్కొండ వెంకటరత్నం పంతులు వంటి గట్టి పండితుడు 'ఆంధ్రభాషా సంజీవని' పత్రికలో అటువైపు నిలబడ్డాడు. పాతకక్షలు, పాండిత్యపు పౌరుషాలూ కలిసి ఆ పత్రికా యుద్ధం చదువరులకు మంచి కాలక్షేపమే అయి ఉంటుంది.

చట్టం సంగతి చెప్పాలంటే, 1856లోనే వితంతువు పెళ్ళి చెల్లుతుందని ప్రభుత్వం శాసనం చేసింది. చట్టం పెళ్ళిని చెల్లుబాటు చేయగలదు కానీ నీళ్ళు మోయించలేదు. అందుకే పాతికేళ్ళయినా రాజమండ్రిలో ఆ చట్టం కాగితం మీదే ఉండిపోయింది.

పెళ్ళిళ్ళయ్యాక శంకరపీఠం నుంచి శ్రీముఖాలు వచ్చాయి. పీఠాధిపతి శిష్యులకు పంపే ఆజ్ఞాపత్రాన్ని శ్రీముఖం అంటారు. నేటికీ ఆఫీసులో ఎవరికైనా సంజాయిషీ నోటీసు వస్తే "శ్రీముఖం వచ్చిందట" అని నవ్వుకుంటాం. ఆ నవ్వు వెనక ఎంత భయం ఉండేదో మరిచిపోయాం. పెళ్ళికి వెళ్ళినవాళ్ళు, తోడ్పడినవాళ్ళు వెలి. మళ్ళీ లోపలికి రావాలంటే ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. పంచగవ్యం పుచ్చుకుని, తప్పయిందని నలుగురి ముందూ ఒప్పుకోవాలి. పెళ్ళి పందిట్లో ఉత్సాహంగా తిరిగినవాళ్ళలో కొందరు ఇంట్లో ముసలి తల్లి ఏడుపు చూడలేకో, చెల్లెలి సంబంధం చెడుతుందనో ఆ ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. వాళ్ళను పిరికివాళ్ళనడం తేలిక. వాళ్ళు పశ్చాత్తాపపడ్డారని మాత్రం అనలేం. తిన్న భోజనానికి వెల కట్టారు, అంతే.

మరి వీరేశలింగం ఎలా నిలిచాడు? ధైర్యం ఉంది, మొండితనం అంతకన్నా ఉంది. ఇంకో రెండు సంగతులూ ఉన్నాయి. జీతం ఇచ్చేది సర్కారు కాలేజీ, కులం కాదు. 1874లో మొదలుపెట్టిన 'వివేకవర్ధని' పత్రిక తన చేతిలోనే ఉంది. లంచగొండి ఉద్యోగుల్ని, భోగం మేళాల్ని, ముసలివాళ్ళకు పసిపిల్లల్ని కట్టబెట్టే పెళ్ళిళ్ళనూ ఉతికి ఆరేసింది ఆ పత్రికే. డబ్బు విషయానికొస్తే, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య పదివేల రూపాయలిస్తానని ముందుకొచ్చాడు. వెలి నరుక్కొచ్చే కొమ్మలు కొన్ని ఈయన చెట్టుకు లేవు. ఉన్న కొమ్మ వంటిల్లు. దాని భారం ఆయన మీద కాదు, రాజ్యలక్ష్మమ్మ తల మీద పడింది. సంస్కర్తల కథల్లో ఈ పద్దు తరచూ ఇంటావిడ ఖాతాలోనే ఉంటుంది.

శ్రీముఖాల ముచ్చట కోర్టు దాకా కూడా వెళ్ళింది. 1883లో మద్రాసు హైకోర్టు ముందుకు ఒక శంకర స్వామి మీద పరువునష్టం కేసు వచ్చింది. ఆయన ఒక శిష్యుణ్ణి వెలివేశాడు. ఆ సంగతి రాసి పంపింది పోస్టుకార్డు మీద. కార్డులు దేశంలోకి వచ్చి అప్పటికి నాలుగేళ్ళే, ఖరీదు కాలణా. గురువుకు వెలివేసే అధికారం, దాన్ని శిష్యవర్గానికి తెలియజేసే అధికారం ఉన్నాయి, కానీ దారిన పోయే ప్రతివాడూ చదివేలా కార్డు మీద రాసి పంపడం ఆ అధికారంలోకి రాదు అంది కోర్టు. వెలి తప్పు కాదు, కవరు లేకపోవడం తప్పు! కాలణాకు ఆశపడకుండా కవరు అంటించి ఉంటే స్వామివారి పని సుఖంగా జరిగిపోయేది.

కోర్టులకు ఈ ప్రశ్న ఆ తర్వాతా మింగుడు పడలేదు. వెలివేయడమే చెల్లదంటూ బొంబాయి రాష్ట్రం 1949లో చట్టం చేసింది. దావూదీ బోహ్రా ముస్లింల మతగురువు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. వెలిపడ్డ బోహ్రాకు మసీదులో చోటు పోతుంది, చచ్చాక వాళ్ళ శ్మశానంలోనూ చోటు పోతుంది. 1962లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మతాన్ని కాపాడుకునే హక్కులో వెలివేసే హక్కు భాగమే అంది. ఒక్క ప్రధాన న్యాయమూర్తి సిన్హా మాత్రం మిగతావాళ్ళతో విభేదించాడు. ఆ తీర్పును తిరగదోడమంటూ 1986లో బోహ్రా సంస్కర్తలు వేసిన పిటిషన్ను 2023లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల బెంచికి పంపారు.

రాజమండ్రిలో పెళ్ళిళ్ళు ఆగలేదు. వీరేశలింగం తన జీవితంలో నలభై దాకా వితంతు వివాహాలు జరిపించాడని అంటారు. 1898లో మద్రాసులో జరిగిన సంఘసంస్కరణ సభకు అధ్యక్షత వహించాడు. శాస్త్రమే ప్రమాణం అంటూ మొదలైన మనిషి పోనుపోను బ్రహ్మసమాజంలోకి నడిచి, చివరికి జంధ్యం కూడా తీసేశాడు. మొదట్లోనే ఆయన్ను పాపి అన్నవాళ్ళు, చూశారా మేం చెప్పలేదూ అని ఉంటారు. వెలివేసి బయటకి నెట్టినవాణ్ణి లోపలే కూర్చోలేదేమని అడగడం మన దగ్గర పాత అలవాటు.

జంధ్యం వదిలిన ఇంకో మనిషి గోరా. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. జంధ్యం వేసుకోనన్నందుకు 1928లో తండ్రి ఇంట్లోంచి పొమ్మన్నాడు. దేవుడి భావన మీద రాసిన వ్యాసానికి 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. 1940లో భార్య సరస్వతితో కృష్ణా జిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం పెట్టాడు. దేవుడు లేడని చెప్పడానికి వచ్చినవాడు ఆ పల్లెలో వాదనలతోనే ఊరుకోలేదు. పున్నమి రాత్రుళ్ళు అన్ని కులాలవాళ్ళనూ పిలిచి, ఒకే వరసలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించాడు. మర్నాడు ఊరు ఆరా తీసేది మామూలే, ఎవరెవరు తిన్నారని.