లావెన్‌హామ్: లేమి కాపాడిన ఊరు

ఇంగ్లండ్ తూర్పున సఫోక్ ప్రాంతంలో ఉన్న లావెన్‌హామ్ చిన్న ఊరే. అక్కడి సెయింట్ పీటర్ అండ్ సెయింట్ పాల్ చర్చి గోపురం మాత్రం 141 అడుగులు! అంత డబ్బు ఎక్కడిదంటే, ఉన్నిది.

15వ శతాబ్దంలో ఇక్కడ నేసిన నీలం రంగు మందపాటి ఉన్నిబట్టకు దేశాంతరాల్లో గిరాకీ ఉండేది. 1520ల నాటి పన్నుల లెక్కల్లో ఈ ఊరు యార్క్ నగరాన్ని మించింది. పాత చర్చిలో చాలా భాగాన్ని సుమారు 1485 నుంచి 1525 దాకా తిరిగి కట్టారు. ఖర్చు భరించినవాళ్లలో ఇద్దరు ముఖ్యులు: ఆక్స్‌ఫర్డ్ ప్రభువు జాన్ డి వియర్, బట్టల వర్తకుడు థామస్ స్ప్రింగ్. గోపురం మీద ప్రభువు గారి నక్షత్రమూ ఉంది, వర్తకుడి గుర్తులూ ఉన్నాయి. దేవుడి ఇంటి మీద దాతల పేర్లు చెక్కించుకోవడం మనకేమీ కొత్త కాదు.

1525లో ఫ్రాన్స్ మీద యుద్ధానికని రాజు ఎనిమిదో హెన్రీ అదనపు వసూలు మొదలుపెట్టాడు. వర్తకులు పని ఇవ్వడం ఆపేశారు, నేతగాళ్లు వీధిన పడ్డారు, వేలమంది తిరగబడ్డారు. మీ నాయకుడెవరని రాజు తరఫున వచ్చిన నార్ఫోక్ డ్యూక్ అడిగితే, పేదరికమేనని జవాబొచ్చిందని ఆ కాలపు చరిత్రకారుడు ఎడ్వర్డ్ హాల్ రాశాడు. రాజు వెనక్కి తగ్గాడు.

పేదరికం మాత్రం తగ్గలేదు. డచ్చి శరణార్థులు కోల్చెస్టర్‌లో తేలికైన, చవకైన బట్ట నేయడం మొదలుపెట్టాక లావెన్‌హామ్ నీలాన్ని అడిగేవాళ్లు కరువయ్యారు. అసలు కథ ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. కలిగిన ఊళ్లలో పాత ఇళ్లు పడగొట్టి ఇటుకతో కొత్తవి కట్టుకుంటుంటే, ఇక్కడ చాలామందికి ఆ స్తోమత లేకపోయింది. అందుకే ఓక్ దూలాల చట్రం మధ్య తడిక అల్లి, మట్టి మెత్తి, సున్నం కొట్టిన ఇళ్లు వందలకొద్దీ మిగిలాయి. పచ్చి కలపతో కట్టడం వల్ల ఆరేకొద్దీ దూలాలు మెలితిరిగి కొన్ని ఇళ్లు పక్కకు ఒరిగాయి. ఇప్పుడు యాత్రికులు మురిసిపోయి ఫొటోలు తీసుకునేది ఆ వంకరలనే.

సుమారు 1530లో ఒక మత సంఘం కట్టించుకున్న గిల్డ్‌హాల్ కూడా అలాంటిదే. సంఘం రద్దయ్యాక అది జైలైంది, అనాథలూ పేదలూ పనిచేసే శాలైంది. 1951 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. హ్యారీ పాటర్ సినిమాలో గాడ్రిక్స్ హాలో అనే పల్లెగా తెరకెక్కిందీ ఈ ఊరే.