శ్రీరామనవమినాడు చెరసాలలో సంభాషణ



శ్రీరామనవమి అనగానే మన తెలుగువారికి చలువపందిళ్ళు, పానకము, వడపప్పు, భద్రాద్రి సీతారామ కల్యాణము జ్ఞప్తికి వస్తాయి. రాముని పేరుతో చెరసాల అన్న మాట కలిసినదా, గోలకొండలో బందీగా మ్రగ్గిన భక్త రామదాసు కన్నుల ముందు నిలుస్తాడు. ఈ రెండు స్మృతులకు నడుమ నిలువదగిన మరియొక దినము మన నేలమీదనే గడిచినది. అది 1951వ సంవత్సరం ఏప్రిల్ 15, శ్రీరామనవమి. ఆనాడు ఆచార్య వినోబా భావే హైదరాబాదు కారాగారానికి వెళ్ళి, అక్కడ బంధింపబడియున్న కమ్యూనిస్టులతో సుమారు రెండు గంటలు మాట్లాడారు.

ఒకరు గీతను ప్రాణసమానంగా భావించిన సాధువు. ఎదుట కూర్చున్నవారిలో దైవమును నమ్మనివారు, సాయుధపోరాటమే మార్గమని నమ్మినవారు ఉన్నారు. ఆయన వారిని మార్చివేయుటకు వెళ్ళలేదు. వారి ఆలోచన ఏమో వారి నోటనే తెలుసుకొనుటకు వెళ్ళారు. పోచంపల్లి భూదానకథను మనము సభలలో అనేక పర్యాయములు చెప్పుకొంటాము గాని, దానికి మూడు దినముల ముందటి ఈ కారాగార సంభాషణను దాదాపుగా మరచిపోయాము. మా దృష్టిలో కథ ఇక్కడనే మొదలైనది.

ఆనాటి తెలంగాణ పరిస్థితిని కొంత స్మరించుకొనక తప్పదు. నిజాం పాలనలో వెట్టిచాకిరి, దేశ్‌ముఖుల దౌర్జన్యము, వేలకొలది ఎకరములు కొన్ని కుటుంబముల చేతిలో ఉండి దున్నేవానికి సెంటు భూమి లేకపోవుట — ఇవి ఎవరో కల్పించినవి కావు. 1946 జూలై 4న కడవెండి గ్రామంలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలి అయిన తరువాత రైతుల ప్రతిఘటన సాయుధపోరాటంగా మారినది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాం పాలన ముగిసినను, పోరాటము ముగియలేదు. దళములొకవైపు, సైన్యము, పోలీసులొకవైపు. పగలు వచ్చినవారికి జవాబు చెప్పి, రాత్రి వచ్చినవారికి అన్నము పెట్టి, ఇరువురిచేతను దెబ్బలు తిన్న పల్లెలు ఎన్నో. పోరాటములో నాలుగువేలమంది వరకు ప్రాణములు కోల్పోయినట్లు ఉద్యమనాయకులలో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాశారు. దళముల చేతిలో హతులైనవారి ఇండ్లలోను తల్లులు, భార్యలు ఏడ్చారు. ఏ గ్రామములో ఎవరు ఎవరిని నమ్మవలెనో తెలియని కాలమది.

అటువంటి కాలములో హైదరాబాదు చెంత శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ఏర్పాటైనది. వినోబాజీ మొదట రానన్నారు. మిత్రులైన శంకరరావు దేవ్ గారు పట్టుబట్టగా, వస్తాను గాని నడచియే వస్తానని చెప్పి, 1951 మార్చి 8న వార్ధా ప్రాంతమునుండి బయలుదేరి, సుమారు మూడువందల మైళ్ళు నడచి, ఏప్రిల్ మొదటి వారానికి చేరుకొన్నారు. అప్పటికి ఆయనకు యాభై అయిదేండ్లు. కడుపులో పుండు, బక్కపలచని శరీరము. నడకలో ఒక సౌకర్యమున్నది: దారిలో ఉన్న ప్రతి పల్లె ఆగి పలుకరించవచ్చును. రైలుబండికి ఆ భాగ్యము లేదు. సమ్మేళనము ముగిసిన పిదప, కల్లోలముతో కాగుచున్న నల్లగొండ, వరంగల్లు జిల్లాలను కాలినడకన చూచి వెళ్ళెదనని సంకల్పించి, రామనవమినాడు కారాగారములోని వారిని కలిసి, తూర్పుదిక్కుగా నడక సాగించారు.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. నేత మగ్గములకు పేరుపొందిన ఆ ఊరు అప్పట్లో నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. ఊరిలో ఏడువందల కుటుంబాల వరకు ఉండగా, అధికభాగము భూమిలేనివారే. వినోబాజీ ఊరంతా తిరిగి, నాడు హరిజనవాడ అని పిలువబడిన దళితవాడకు వెళ్ళారు. మీకేమి కావలెనని అడిగారు. పనిలేదు, భూమిలేదు, కొంచెము భూమి ఇప్పిస్తే దున్నుకొని బ్రతుకుతామని వారన్నారు. ఎంత కావలెనని మరల అడిగారు. వారు తమలో తాము ఆలోచించుకొని, నలువది కుటుంబములకు ఎనుబది ఎకరములు చాలునన్నారు: నలువది తరి, నలువది ఖుష్కి. అందరూ కలిసి సేద్యము చేసికొంటారా అని ఆయన అడుగగా, చేసికొంటామన్నారు.

ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. దారిద్ర్యములో ఉన్నవారిని ఎంత కావలెనని అడుగుట మనకు అలవాటు లేదు. మన ఉత్సవములలో అన్నదానము చేయునపుడు కూడ విస్తరిలో వడ్డించుట మన పని, తినుట వారి పని అనుకొంటాము. ఆ నలువది కుటుంబములవారు వేయి ఎకరములు అడుగలేదు. ఊరి దొర భూమియంతయు కావలెననలేదు. తమ రెక్కలు దున్నగలిగినంత లెక్కగట్టి చెప్పారు. వారి మాటలోని ఆ మితమే వినువారి హృదయమును కదిలించినదేమో.

వినోబాజీ మొదట, మీరొక అర్జీ వ్రాసి ఇవ్వండి, ప్రభుత్వమునకు పంపెదనన్నారు. అంతవరకు ఏ నాయకుడైనా అనగలిగినదే. ఆ తరువాత ఆయన అక్కడ గుమిగూడిన ఊరివారివైపు తిరిగి, ప్రభుత్వమునుండి భూమి రాకపోయినను, వచ్చుట ఆలస్యమైనను, ఈ ఊరివారు చేయగలిగినదేమైనా ఉన్నదా అని అడిగారు. అపుడు వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి, తన తండ్రిగారి కోరికను తలచుకొని, నూరు ఎకరములు ఇచ్చెదనన్నారు. ఎనుబది అడుగగా నూరు! సాయంకాల ప్రార్థనలో ఆ దానము ప్రకటింపబడినది.

ఆ రాత్రి వినోబాజీకి సరిగా నిద్రపట్టలేదని ఆయనయే తరువాతి కాలములో చెప్పారు. దేశములోని భూమిలేనివారందరికి ఎంత భూమి కావలెనో లెక్కవేస్తే అయిదుకోట్ల ఎకరములు తేలినది. అడిగితే ఇంత దొరుకునా అన్న సంశయము. శిశువునకు ఆకలిని పెట్టిన భగవంతుడు తల్లికి పాలను పెట్టలేదా అన్న భావన లోపల కలిగి, మరునాటినుండి ఊరూరా భూమిని యాచించుట మొదలుపెట్టారు. యాబదియొక్క దినములలో రెండువందల గ్రామములు తిరిగి 12,201 ఎకరములు సేకరించారు.

పోతనామాత్యుని భాగవతము చదివినవారికి అష్టమస్కంధములోని బలిచక్రవర్తి గుర్తుకు రాక మానడు. అడిగినవాడు పొట్టివాడు, అడిగినది చిన్నది, ఇచ్చుటతో పోవునది సర్వము. వినోబాజీ సైతము వామనుని మూడడుగులను తలచుకొనేవారు. అయితే ఆయన దానమన్న మాటను మనము వాడుకొను అర్థములో వాడలేదు. గీతాభాష్యములో శంకరభగవత్పాదులు దానమును యథాశక్తి సంవిభాగముగా వివరించారు. అనగా శక్తికొలది సరిగా పంచుకొనుట. ఆయన పట్టుకొన్న అర్థమిది. మీకు అయిదుగురు కుమారులున్నచో దరిద్రనారాయణుని ఆరవ కుమారునిగా ఎంచి ఆరవ వంతు ఇవ్వుడని భూస్వాములను అడిగేవారు. కుమారుడు తండ్రియెదుట చేయి చాపడు. తన వంతు తీసికొంటాడు. ఇచ్చువానికి గర్వము, పుచ్చుకొనువానికి సిగ్గు లేని సంబంధమది. భూమిగలవారిని ఇవ్వమన్నారు, ఆయుధము పట్టినవారిని దించమన్నారు. ఇరుపక్షములనూ ఏదో ఒకటి విడువమన్నారు గనుక ఇరుపక్షముల మాటలూ పడ్డారు.

ఆ మాటలను కూడ వినుట న్యాయము. భూస్వాములను కాపాడుటకే భూదానము పుట్టినదని, భయము లేకున్న ఎవ్వరును ఎకరము కూడ వదలియుండరని పోరాటపక్షమువారు విమర్శించారు. ఆ విమర్శలో బలమున్నదని ఒప్పుకొనవలెను. అయిదేండ్ల పోరాటము భూమిప్రశ్నను నడివీధిలో నిలబెట్టియుండకపోతే పోచంపల్లి సభలో ఆ ప్రశ్నకు అంత మౌనము, అంత శ్రద్ధ లభించియుండేవి కావు. దాత మనస్సులో భయమెంత, ధర్మమెంత అని త్రాసులో తూచుట మనవలన కాని పని. మన సొంత దానములను అట్లు తూచితే ఎన్ని నిలుచునో! ఆ సంవత్సరము అక్టోబరులోనే కమ్యూనిస్టు పార్టీ సాయుధపోరాటమును విరమించినది. అది వినోబాజీ నడకవలననే జరిగినదని చెప్పుట అతిశయోక్తి. పార్టీలోని చర్చలు, సైనికనిర్బంధము, సమీపించుచున్న ఎన్నికలు, అన్నియును కారణములే.

తరువాతి చరిత్రను దాచిపెట్టుట భక్తుల లక్షణము కాదు. 1957 నాటికి అయిదుకోట్ల ఎకరములన్న సంకల్పము నెరవేరలేదు. దేశమంతటా నలువదిలక్షల ఎకరములకు పైగా దానపత్రములు వచ్చినవి గాని, అందులో రాళ్ళగుట్టలు, వ్యాజ్యములోని భూములు ఎన్నో. చాలా భాగము ఏండ్ల తరబడి పంచకయే మిగిలినది. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన చట్టము వచ్చినది. అయినను హైదరాబాదు చుట్టుప్రక్కల ధరలు పెరిగినకొలది భూదాన భూములు అన్యాక్రాంతమైనవన్న తగవులు న్యాయస్థానములకు ఎక్కినవి. మాట ఇచ్చిన రోజున చప్పట్లు కొట్టినవారు ఎందరో. కాగితమును భూమిగా మార్చుటకు తహసీలు కచేరీ చుట్టూ తిరిగినవారు కొందరే. సఖ్యత సభలో పుట్టవచ్చును; దానిని పెంచుటకు పట్వారీ పుస్తకములో పేరు ఎక్కవలెను.

ఇంతవరకు చెప్పినది దొరకు, కూలికి నడుమ మాట. ఆలయములో కూర్చుని ఈ కథను వినుచున్న మనము, ఇది ఊరిలో ఎవరికో సంబంధించినదని అనుకొనుటకు వీలులేదు. ఆ నడక ఆలయద్వారమునకు కూడ వచ్చినది.

1953 సెప్టెంబరులో నాటి బీహారులోని వైద్యనాథధామమునకు వినోబాజీ దళితులతో కలిసి దర్శనమునకు వెళ్ళారు. జ్యోతిర్లింగక్షేత్రమది. అక్కడి పండాలు వారిమీద పడి కొట్టారు. వెంట ఉన్నవారు గాయపడ్డారు. వినోబాజీ చెవికి తగిలిన దెబ్బవలన వినికిడి దెబ్బతిన్నది. కొట్టినవారు అజ్ఞానముచే చేశారు, వారిని శిక్షింపవలదని ఆయన ప్రకటించారు. అటుపిమ్మట బీహారు ముఖ్యమంత్రి శ్రీకృష్ణ సిన్హా దళితులను వెంటబెట్టుకొని ఆ ఆలయములో ప్రవేశించారు. 1955లో పూరీ జగన్నాథుని ఆలయమునకు వెళ్ళినపుడు వెంట ఒక ఫ్రెంచి దేశపు స్త్రీ ఉన్నది. ఆమెకు ప్రవేశము లేదనగా, ఆయన కూడ లోపలికి పోక ద్వారమునుండియే వెనుదిరిగారు. అర్చకులను నిందింపలేదు, బలవంతముగా చొరబడలేదు. జగన్నాథుని దర్శనము వదలుకొనుట భక్తునికి ఎంత కష్టమో వేరుగా చెప్పవలెనా?

ఈ రెంటికిని భిన్నముగా జరిగినది పండరిపురములో. 1958 మే మాసములో అక్కడ సర్వోదయ సమ్మేళనము. విఠోబాను దర్శింపవలెనని వినోబాజీకి చిన్ననాటినుండి కోరిక. మహారాష్ట్రలో పుట్టినవానికి పండరి కన్న పుణ్యభూమి ఏది? అయినను ఆలయమువారికి అభ్యంతరమున్నచో రానని, వారి మనస్సు నొప్పించి దర్శనము చేయనని చెప్పారు. ఆలయపు పెద్దలు తమలో తాము మాట్లాడుకొని, ఆయనను, ఆయన వెంట ఉన్న ఇతర మతములవారిని కూడ రమ్మని ఆహ్వానించారు. ముసల్మాను స్త్రీ, జర్మనీ దేశపు స్త్రీ వెంట ఉండగా వినోబాజీ విఠోబా సన్నిధిలో నిలిచారు.

ఆ ఆలయద్వారము అంతకు పూర్వమే ఒకమారు తెరువబడినది. దళితులకు ప్రవేశము ఇవ్వవలెనని సానే గురూజీ నెలల తరబడి మహారాష్ట్రమంతట తిరిగి, 1947 మే నెలలో పది దినములు ఉపవసించిన తరువాత పండరి ఆలయమువారు సమ్మతించారు. 1932లో ధూళియా కారాగారములో వినోబాజీ ప్రతి ఆదివారము తోటి ఖైదీలకు గీతను బోధించినపుడు, ఆ ప్రవచనములను వెంటవెంటనే వ్రాసిపెట్టినవారు ఈ సానే గురూజీయే. మనము నేడు చదువుకొను గీతాప్రవచనములు ఆయన చేతివ్రాత పుణ్యము. గురువుగారు పరమతస్థులతో కలిసి విఠోబా ఎదుట నిలిచిన ఆనాటికి గురూజీ లేరు. 1950 జూన్ 11న ఆయన కన్నుమూశారు.