మెట్ల దగ్గర విడిచిన బూట్లు

బర్మా రాజధాని మాండలే బ్రిటిషు సేనల వశమై 2025 నవంబరు 28 నాటికి 140 ఏళ్లు నిండాయి. అందుకు దారితీసిన యుద్ధానికి కారణాలుగా టేకు కలప కంపెనీపై పడిన జరిమానాను, ఫ్రెంచివారితో బర్మా రాజు చెలిమిని చరిత్ర గ్రంథాలు ముందుగా పేర్కొంటాయి. అయితే అంతకు పదేళ్ల కిందటే రాజుకూ బ్రిటిషు ప్రతినిధికీ మధ్య ముఖాముఖి మాటలు నిలిచిపోయాయి, అందుకు మూలం కాలి బూట్లు.

పరాయి కొలువులో ఎలా కూర్చోవాలి, ఏది విప్పాలి, ఎంతవరకు వంగాలి అన్న చిక్కు కొత్తది కాదు. 13వ శతాబ్ది చివర తమిళ దేశం చూసిన మార్కో పోలో అక్కడ రాజులు సైతం నేల మీదే కూర్చుంటారని విశేషంగా రాశాడు. 1615లో వచ్చిన ఇంగ్లండు రాయబారి థామస్ రో, మొగలు చక్రవర్తి జహంగీరు ఎదుట సాష్టాంగపడనని చెప్పి, తన దేశాచారం ప్రకారమే వందనం చేయడానికి అనుమతి పొందాడు. హైదరాబాదులో ఇందుకు భిన్నమైన మర్యాద చాలాకాలం నడిచింది. 1798 నుంచి 1805 వరకు ఇక్కడ రెసిడెంటుగా, అంటే నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్ మొగలాయి దుస్తులు ధరించి, ఖైరున్నీసాను పెళ్లాడి, దక్కనీ మర్యాదలను మనసారా స్వీకరించాడు. ఆయన తర్వాతి రెసిడెంట్లు కూడా దర్బారులో బూట్లు విప్పి తివాచీపైనే కూర్చునేవారు. 1869లో, మూడేళ్లయినా నిండని మహబూబ్ అలీఖాన్ నిజాంగా గద్దెనెక్కినప్పుడు, రెసిడెంటు బూట్లతోనే వచ్చి కుర్చీలో కూర్చోవడంతో ఆ ఆచారం ముగిసింది. ఎదిరించి మాట్లాడే వయసు లేని పసివాడి ముందు ఆ మార్పు తేవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

బర్మా మాత్రం అంత సులువుగా లొంగలేదు. అక్కడ పాదాలను శరీరంలో అతి హీనమైన భాగంగా భావిస్తారు కనుక, రాజు వైపు గాని బుద్ధ విగ్రహం వైపు గాని కాళ్లు చాపడం ఘోరమైన అవమానం. పాదరక్షలతో మందిరంలో అడుగుపెట్టడం అంతకు తక్కువది కాదు. 1795లో వచ్చిన బ్రిటిషు దూత మైకేల్ సైమ్స్, 1830లో వచ్చిన హెన్రీ బర్నీ ఈ నియమంపై వాదించి కూడా చివరకు పాటించారు. 1855లో ఆర్థర్ ఫేర్ నడిపిన రాయబార బృందం మెట్ల దగ్గర బూట్లు విడిచి, కాళ్లు వెనక్కి మడుచుకుని నేలపై కూర్చుని మిండన్ రాజు రాక కోసం ఎదురుచూసింది. బిగుతైన పంట్లాముల్లో అలా కూర్చోవడం కష్టమే అయినా, ఆ దర్బారులో బర్మా మంత్రులు కూడా కూర్చున్నది నేల మీదే.

1875లో బ్రిటిషు దూత డగ్లస్ ఫోర్సిత్ కత్తిని, బూట్లను బయట వదిలి రాజును దర్శించుకున్నాడు. ఆ తర్వాత బ్రిటిషు భారత ప్రభుత్వం తన ప్రతినిధి ఇకమీదట బూట్లు విప్పకూడదని ఆదేశించింది. తరతరాల మర్యాదను ఒక్క ఉత్తరువుతో వదులుకోవడానికి మిండన్ ఒప్పుకోలేదు. ఫలితంగా మాండలేలోని రెసిడెంటుకు రాజదర్శనం కరువై, విషయాలన్నీ మంత్రుల ద్వారా సాగవలసి వచ్చింది. 1878లో మిండన్ మరణించగా తీబా రాజయ్యాడు. మరుసటి ఏడాది బ్రిటిషువారు రెసిడెన్సీని ఎత్తివేశారు. 1885లో కలప వివాదం ముదిరినప్పుడు రాజుకు స్వయంగా నచ్చజెప్పగల బ్రిటిషు ప్రతినిధి రాజధానిలో లేడు. తీబాను ప్రవాసానికి పంపాక, బూట్లు విప్పనిదే ఎవరూ అడుగుపెట్టని ఆ ప్రాసాదంలో తెల్లవారి క్లబ్బు వెలిసింది.

రాజు పోయినా వివాదం పోలేదు. అది పగోడాలకు, అంటే బౌద్ధ స్తూపాలకు పాకింది. ఆసియావారందరూ చెప్పులు విడవవలసిన చోట ఐరోపీయులకు మినహాయింపు ఉండడాన్ని 1916 నుంచి యువ బౌద్ధ సంఘాలు ప్రశ్నించాయి. పండితుడైన భిక్షువు లెడి సయదా దీనిపై గ్రంథమే రాశాడు. 1919 అక్టోబరులో మాండలేలోని ఐండోయా పగోడాలో బూట్లతో తిరుగుతున్న ఐరోపీయులపై భిక్షువులు దాడి చేయగా, వారికి నాయకుడైన ఊ కెట్టయకు యావజ్జీవ శిక్ష పడింది. ఆ ఏడాదే పాదరక్షల నియమాన్ని ఆయా పగోడాల పెద్దలే నిర్ణయించుకోవచ్చని ప్రభుత్వం అంగీకరించింది. దాంతో చాలామంది ఐరోపీయులు రంగూన్‌లోని ష్వెడగాన్ పగోడా వైపు వెళ్లడమే మానుకున్నారు.

నేటి విదేశీయులందరూ ఒకే దారిలో నడవడం లేదు. 2012 నవంబరులో అమెరికా అధ్యక్షుడు ఒబామా ష్వెడగాన్ చలువరాళ్ల మీద వట్టి పాదాలతో నడిచాడు. పరాయి ఆచారాన్ని సహించనివారూ ఉన్నారు: 2016లో మాండలేలో ధర్మప్రసంగం హోరు భరించలేక మైకు తీగను పీకేసిన డచ్చి పర్యాటకుడికి మూడు నెలల జైలు పడింది. తిరుమల మాడవీధుల అలవాటున్న తెలుగు యాత్రికులకు చెప్పులు విడవడం కష్టమేమీ కాదు. కానీ బర్మాలో మేజోళ్లు కూడా విప్పాలి, మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి, అలసి ఎక్కడ చతికిలబడినా అరికాళ్లు బుద్ధుని వైపు తిరగకుండా చూసుకోవాలి. ఈ చివరి నియమాన్ని ఎవరైనా ముందుగా చెబితే తప్ప కొత్తవారు ఊహించలేరు.