దిల్‌సుఖ్‌నగర్లో జనం ఉన్నారు సరే, గిరాకీ ఎక్కడుంది?

మా బావమరిది ఉద్యోగం మానేసి దిల్‌సుఖ్‌నగర్లో పిల్లల బట్టల షాపు పెడతానంటున్నాడు. మామూలుది కాదు, కాస్త ఖరీదైనది. "బావా, సాయంత్రం ఆరింటికి ఆ మెయిన్ రోడ్డు మీద నిలబడి చూడు, ఇసకేస్తే రాలదు. వందకొకడు లోపలికొచ్చినా చాలు" అన్నాడు. ఆన్‌సైట్లో పదేళ్ళు దాచుకున్న డబ్బు మరి! నా అనుమానమంతా ఆ 'వందకొకడి' మీదే. అసలు ఆ జనం ఎవరు, ఎలా వచ్చి చేరారు అని ఆలోచిస్తే లెక్క మారిపోతుంది.

ఒకప్పుడు హైదరాబాదులో బట్టలు కొనాలంటే పత్తర్‌గట్టీ, సుల్తాన్ బజార్, ఆబిడ్స్, లేదంటే సికింద్రాబాద్ జనరల్ బజార్. దిల్‌సుఖ్‌నగర్ అప్పట్లో విజయవాడ రోడ్డు మీద ఊరి చివర. నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఊరెళ్ళే బస్సుకి దగ్గరగా ఉంటుందని అటే ఇళ్ళు చూసుకున్నారు. బస్ డిపో, సినిమా హాళ్ళు, కోచింగ్ సెంటర్లు, వాటి వెనకాల హాస్టళ్ళు... అలా పెరిగిందా రోడ్డు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పెట్టిన దుర్మార్గులు ఎంచుకున్నది కూడా ఆ బస్టాపుల జనాన్నే. అంటే ఆ గుంపులో ఎక్కువమంది బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, హాస్టల్ కుర్రాళ్ళు. వాళ్ళు చాట్ తింటారు, చెప్పులు కొంటారు. రెండేళ్ళ పాపకి రెండు వేల ఫ్రాకు కొనరు కదా!

ఎల్బీనగర్ సంగతి వేరు. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా అది వేరే మున్సిపాలిటీ. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు, ఇన్నర్ రింగ్ రోడ్డు కలిసే కూడలి. చుట్టూ అన్నీ కాలనీలే: వనస్థలిపురం, నాగోలు, కొత్తపేట, సరూర్‌నగర్. నాకు తెలిసిన చాలా ఇళ్ళలో ఉద్యోగం చేసి రిటైరైన తల్లిదండ్రులు, వాళ్ళ దగ్గర మనవలు, మాదాపూర్లో పనిచేసే కొడుకూ కోడలూ. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ మెట్రో, 2019 మార్చిలో హైటెక్ సిటీ మెట్రో వచ్చాక అమీర్‌పేటలో రైలు మారి ఆఫీసుకెళ్ళొచ్చు, అమ్మానాన్నల్ని వదిలి అటు మారక్కర్లేదు. మావాడి గిరాకీ వీళ్ళు.

అయితే వీళ్ళిప్పుడు దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వెళ్తారు గానీ అక్కడ దిగరు. శనివారం కార్లో వస్తారా అంటే, మెట్రో పిల్లర్ల పక్కన కారు ఆపడానికి చోటేదీ?

ఇక పోటీ. మావాడు ఎదురుగా ఇంకో ఖరీదైన పిల్లల షాపు లేదని సంతోషిస్తున్నాడు. అలాంటి షాపు లేకపోయినా పోటీ ఉంది. పెళ్ళికి ఇంటిల్లిపాదీ చీరలు తీసే పెద్ద షోరూములో పైఅంతస్తు పిల్లలదే. పట్టులంగా బేరం అక్కడే తెగిపోతుంది. రోజువారీ బట్టలకి 2016లో మొదలైన జూడియో లాంటివి. రాత్రి పదింటికి పాపని నిద్రపుచ్చి ఫోన్లో కొనే తల్లికి 2010 నుంచీ ఫస్ట్‌క్రై. అన్నిటికన్నా పెద్ద పోటీ నానమ్మ: "పెరిగే పిల్ల, రెండు సైజులు పెద్దది తీస్కో, ఆర్నెల్లకి పొట్టైపోతుంది" అంటుంది. కాదనగలమా?

ఇవన్నీ పోగా మిగిలేది మొదటి పుట్టినరోజు, బారసాల, బంధువులకి కానుక. వాటికోసం జనం వెతుక్కుంటూ వస్తారు, దారిన పోతూ ఆగరు. అలాంటప్పుడు మెయిన్ రోడ్డు అద్దె దేనికి? నన్నడిగితే కొత్తపేట నుంచి నాగోలు వెళ్ళే దారిలోనో, వనస్థలిపురంలోనో నాలుగు కార్లు ఆగే చోటు చూసుకోమంటాను.

అడ్వాన్స్ ఇచ్చేముందు రెండు శనివారాలు ఆ రోడ్డు మీద నిలబడి, జనాన్ని కాదు, చంకలో పిల్లలున్నవాళ్ళని లెక్కపెట్టమన్నాను. సరేనన్నాడు. వాళ్ళక్క కూడా వెళ్తానంటోంది, తమ్ముడి లెక్క మీద ఆవిడకీ నమ్మకం లేదు మరి!