చుట్లు లెక్కించే ముల్లు

కాలాన్ని కొలుచుకోవడానికి మనవారికి నీటి గడియ ఉండేది. దూరాన్ని కొలుచుకోవడానికి మూర, బార, క్రోసు ఉండేవి. కాని ఒక ఇరుసు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో కచ్చితంగా తెలుసుకోవలసిన అవసరం ఆవిరి యంత్రాలు వచ్చిన పిమ్మట బలపడినది. ఆ పని చేసే సాధనమే టాకోమీటరు. గ్రీకు భాషలో టాకోస్ అంటే వేగం, మెట్రాన్ అంటే కొలత. పాతకాలపు మోటారు కార్లలో స్టీరింగు వెనుక గుండ్రని అద్దం కింద కనిపించే ముల్లు ఇదే. దాని ముఖం తరాలుగా దాదాపు అట్లాగే ఉన్నది గాని, లోపలి యంత్రం మాత్రం పలుమార్లు మారినది. ఆ మార్పుల వరుస తెలిసినవారికి, నేడు చచ్చిపోయి ఉన్న పాత మీటరును కొద్ది ఖర్చుతో బ్రతికించుకోవడం కష్టం కాదు.

జేమ్సు వాటు 1788లో తన ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్లను తగిలించినాడు. ఇరుసు వేగంగా తిరిగిన కొద్దీ గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గించేవి. అది వేగాన్ని అదుపు చేసినదే గాని అంకెలలో చెప్పలేదు. చెప్పినవాడు బ్రయన్ డాంకిన్ అనే ఆంగ్లేయుడు. కాగితం తయారుచేసే యంత్రాన్ని పనికి వచ్చే స్థితికి తెచ్చినవాడు కూడా ఆయనే. ఆయన గిన్నెలో పాదరసం పోసి గిన్నెను తిప్పినాడు. మజ్జిగ చిలికేటప్పుడు కుండ నడుమ గుంట పడడం మన ఇళ్ళలో చూచినదే గదా! పాదరసం నడుమ కూడా అట్లాగే గుంట పడగా, దానిలో నిలిపిన గాజు గొట్టంలోని రంగు ద్రవం కిందికి దిగేది. ఎంత దిగితే అంత వేగం. ఈ సాధనానికి 1810లో లండనులోని కళల సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చినది.

పాదరసపు గిన్నె కుదుపుల బండికి పనికిరాదు. 1902లో ఆటో షుల్జే అనే జర్మను ఇంజనీరు మరొక మార్గానికి పేటెంటు తీసుకొన్నాడు. ఒక అయస్కాంతం తిరుగుతుంటే, దానిని తాకకుండా కప్పి ఉన్న లోహపు గిన్నె కూడా విద్యుత్ ప్రవాహాల వల్ల ఆ వైపుకే లాగబడుతుంది. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు పట్టి ఉంచుతుంది. ఈ రెండు బలాలు సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. ఇంజను నుండి మీటరు వరకు గొట్టంలో తిరిగే ఉక్కు కేబులు ఒకటి చాలు. స్పీడోమీటరు, టాకోమీటరు రెండూ చాలాకాలం ఈ సూత్రం మీదనే నడిచినవి.

1960 ప్రాంతంలో బ్రిటిషు కార్లలో ఆ కేబులు కూడా క్రమంగా పోయినది. 1961లో వచ్చిన జాగ్వారు ఈ-టైపులో ఇంజను తల మీది చిన్న జనరేటరు ముల్లును నడిపినది. ఆపైన స్మిత్సు కంపెనీ వారు ఇంజను రవ్వలనే లెక్కించే మీటరును చేసినారు. ఇగ్నిషను కాయిలుకు పోయే తీగ మీటరు వెనుక ఒక మెలిక తిరిగి వెళ్ళేది. ప్రతి రవ్వకు ఆ తీగలో ప్రవాహం తెగుతుంది. లోపలి ట్రాన్సిస్టరు ఆ తెగడాన్ని పసిగట్టి ముల్లుకు ఒక చిన్న తోపు ఇస్తుంది.

రైలు ప్రయాణం చేసినవారికి ఈ లెక్క సులభంగా బోధపడుతుంది. మన పాత బ్రాడ్‌గేజి పట్టా పొడవు 13 మీటర్లు. అతుకుల మీద చక్రం చేసే టకటకలు 47 సెకనులలో ఎన్ని వినిపిస్తే, బండి గంటకు సుమారు అన్ని కిలోమీటర్లు పోతున్నట్లు. పొడుగు పట్టాలుగా అతికిన తరువాత ఆ చప్పుడు చాలావరకు పోయినది. కారు మీటరు లెక్కించే టకటకలు ఇంజను రవ్వలు. నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు రవ్వలు. నిమిషానికి 3,000 చుట్లు అంటే 6,000 రవ్వలు, సెకనుకు 100.

అరవై ఏండ్ల కిందటి ఈ మీటర్లలో మొదట చెడేవి కండెన్సర్లు, ట్రాన్సిస్టర్లు. కొత్త ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టిన కార్లలో ప్రవాహం తీరు మారి, బాగున్న మీటరు కూడా తప్పు చూపవచ్చును. ముల్లును తిప్పే తీగచుట్ట మాత్రం తరచు చెక్కుచెదరకుండా ఉంటుంది. కనుక దానిని, డయలును ఉంచి లోపలి బోర్డు మార్చితే చాలు. ఇందుకు ఆధారం 1971లో హాన్సు కామెంజిండు రూపొందించగా 1972లో సిగ్నెటిక్సు కంపెనీ విడుదల చేసిన 555 అనే చిప్పు. దాని వెల నేటికీ ఒక కాఫీ ఖరీదుకు మించదు. ప్రతి రవ్వకు అది ఒకే ఎత్తు, ఒకే వెడల్పు గల విద్యుత్ తోపును ఇస్తుంది. రవ్వలు పెరిగిన కొద్దీ తోపుల సగటు పెరిగి ముల్లు పైకి లేస్తుంది. నిమిషానికి 6,000 చుట్ల వద్ద రెండు రవ్వల నడుమ వ్యవధి సెకనులో వెయ్యోవంతులు 5 మాత్రమే. కనుక తోపు వెడల్పు 3 వంతుల దగ్గర ఉంచడం క్షేమం. బ్యాటరీ వోల్టేజి మారినా తోపు ఎత్తు మారకుండా ఒక జీనరు డయోడు కాపాడుతుంది. కాయిలు నుండి వచ్చే సంకేతంలో వందల వోల్టుల పోట్లు ఉంటవి. వాటిని పెద్ద రెసిస్టరుతోను, మరొక జీనరుతోను అణచనిదే చిప్పు బ్రతకదు.

అంకెలు సరిచూచుకోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. మన ఇళ్ళ కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. 9 వోల్టుల ట్రాన్సుఫార్మరు తరువాత ఒక డయోడు పెడితే 50 తోపులు. నాలుగు సిలిండర్ల మీటరు 1,500 చూపవలెను. నాలుగు డయోడ్ల బ్రిడ్జి పెడితే 100 తోపులు, 3,000 చూపవలెను. ముల్లు అక్కడ నిలిచే దాకా చిన్న రెసిస్టరు మరను తిప్పుకోవలెను. ట్రాన్సుఫార్మరు లేకుండా గోడ ప్లగ్గు జోలికి ఎంతమాత్రం పోరాదు.

మరి రెండు సంగతులు మరువరాదు. ఎంజీబీ వంటి కార్లలో 1967 వరకు బ్యాటరీ ధన ధ్రువం బాడీకి కలిపి ఉండేది. ఋణ ధ్రువపు పద్ధతికి చేసిన బోర్డును వాటిలో మార్పు లేకుండా కలిపితే మాడిపోతుంది. రెండవది, ఆరు సిలిండర్ల ఇంజనుకు చుట్టుకు మూడు రవ్వలు. ఆరు సిలిండర్లకు సరిచేసిన మీటరును నాలుగు సిలిండర్ల కారులో పెడితే, ఇంజను 6,000 తిరుగుతుంటే ముల్లు 4,000 అని చెబుతుంది. డ్రైవరు ఎర్ర గీత దాటినట్లు తెలియక ఇంకా తొక్కుతాడు. వాల్వులు సకాలంలో మూసుకోక, పిస్టనుకు తగిలి, ఇంజనే పాడు కావచ్చును. కదలని ముల్లును ఎవరూ నమ్మరు. కదులుతూ అబద్ధం చెప్పే ముల్లును అందరూ నమ్ముతారు. డబ్బు ఆదా చేయవలసినది సామానులో గాని సరిచూడడంలో కాదు.

పని ముగిసిన పిమ్మట తీసిన పాత బోర్డును పారవేయరాదు. మార్చిన తేదీని, తీగల వరుసను ఒక చీటీ మీద వ్రాసి, దానితోపాటు కవరులో పెట్టి కారు కాగితాలతో ఉంచవలెను. రేపు ఆ కారు ఎవరి చేతికి వచ్చినా, మీటరు లోపల ఏ తరంలో ఏమి మారినదో వారికి తెలుస్తుంది. కావలెనంటే పాత బోర్డును తిరిగి దాని చోట పెట్టుకోగలుగుతారు.