కుక్కకు మాట తెలుస్తుందా?

పిలవగానే తోక ఊపుతూ వచ్చే కుక్కను చూసి "దీనికి మాటలన్నీ తెలుసండీ" అని మురిసిపోని యజమాని ఉండడు. అది మాట విని వస్తున్నదా, మన చూపును, చేతి కదలికను కనిపెట్టి వస్తున్నదా అన్న తగవు నూరేళ్లకు పైబడినది. అందులో ఇద్దరు రిటైర్డు మాస్టర్లకు ముఖ్యపాత్ర ఉన్నందున మన సంచికకు తగునని వ్రాస్తున్నాను.

మొదటి కథ కుక్కది కాదు, గుర్రానిది. బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే రిటైర్డు మాస్టారు తన గుర్రం హాన్స్‌కు లెక్కలు నేర్పారు. మూడూ రెండూ ఎంత అంటే ఐదుసార్లు గిట్టతో నేలను తట్టేది. 1904లో పండితుల కమిటీ చూసి మోసమేమీ లేదన్నది. తరువాత ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు, అడిగేవారికే జవాబు తెలియని ప్రశ్నలు వేయించాడు. గుర్రం తప్పింది. అడిగేవారు కనబడకపోయినా తప్పింది. సరైన సంఖ్య రాగానే అడిగే మనిషి తెలియకుండానే తల రవ్వంత కదిలిస్తాడు. అది చూసి గుర్రం ఆపేది. 1907లో ఈ సంగతి గ్రంథంగా వచ్చింది. మాస్టారు ఒప్పుకోలేదు, 1909లో కాలం చేశారు. అంత సూక్ష్మమైన కదలికను పట్టడం మాత్రం సామాన్యమా అని నాకనిపిస్తుంది.

అప్పటినుండి జంతువుల తెలివి గురించి ఎవరేం చెప్పినా అనుమానమే. 2004లో జర్మనీలోనే రికో అనే బోర్డర్ కోలీ జాతి కుక్కను పరీక్షించారు. వస్తువులు ఒక గదిలో, యజమాని వేరొక గదిలో. అయినా పేరు చెప్పిన వస్తువునే తెచ్చేది. దానికి 200 వస్తువుల పేర్లు తెలుసు.

అదే ఏడాది అమెరికాలో, దక్షిణ కరోలినాలోని వొఫోర్డ్ కళాశాలలో పనిచేసి రిటైరైన మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు జాన్ పిల్లీ, 76వ ఏట ఛేజర్ అనే పిల్లను తెచ్చుకున్నారు. రోజుకు నాలుగైదు గంటల చొప్పున మూడేళ్లు నేర్పితే 1022 బొమ్మల పేర్లు వచ్చాయి. ఆయనకే గుర్తుండక ప్రతి బొమ్మ మీద పేరు వ్రాసుకున్నారట! ఫైలుకు చీటీ అంటించనిదే పని సాగదని మనకు తెలియనిదా? పరీక్షలో తన ముఖం కుక్కకు కనబడకుండా జాగ్రత్తపడ్డారు. "బంతి" అంటే అన్ని బంతులకూ వర్తిస్తుందని కూడా ఛేజర్ గ్రహించింది. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లీ 2018లో, ఛేజర్ 2019లో పోయారు.

అన్ని కుక్కలూ ఛేజర్లు కావు. చాలా కుక్కలు రెండు బొమ్మల పేర్లకే తడబడతాయి. అయితే 2024లో హంగేరీలో 18 పెంపుడు కుక్కల మెదడు స్పందనలను నమోదు చేశారు. ఒక బొమ్మ పేరు చెప్పి వేరొకటి చూపితే స్పందన మారింది. తెచ్చి ఇవ్వకపోయినా, మనసులో తెలిసే ఉండవచ్చునన్నమాట.

మనుమలు సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో చూడవచ్చు. రెండు బొమ్మలను పక్క గదిలో వేరొకరు ఉంచాలి. పేరు చెప్పేవారు తలుపు చాటున నిలబడాలి. ఏది ఏ వైపు ఉందో వారికి తెలియకూడదు. ఒకసారి సరిపోదు, పది పన్నెండుసార్లయినా వ్రాసిపెట్టుకోండి.